బావికి రిపేరు

నేరస్థలం అంత శుభ్రంగా ఉండడం నా వృత్తి జీవితంలో అదే మొదటిసారి. వృత్తి జీవితం అంటే మరీ పెద్దదేం కాదు. అప్పటికి నాలుగు కేసులు చేశాను. మూడు తప్పిపోయిన పిల్లులు, నాలుగోది తిరిగొచ్చిన పిల్లి అసలు పిల్లేనా అన్న వివాదం. అయినా మరీ శుభ్రంగా ఉన్నదాన్ని అనుమానించాలన్న ఇంగితం నాకుంది. పాలు తాగేసిన పిల్లి మూతి కూడా శుభ్రంగానే ఉంటుంది.

రంగుల ఫ్యాక్టరీ వెనక, వాళ్ళు వాడి వదిలేసిన నీళ్ళని నిల్వ చేసే చెరువు ఉంది. ఒక్క చుక్క కూడా భూమిలోకి దిగకుండా దాని అడుగునా గట్లకీ నల్ల ప్లాస్టిక్ షీటు పరిచారు. ఆ షీటు చిరిగిందో లేదో తెలుసుకోవడానికి గట్టుకి ఇవతల నేలలోకి జానెడు వెడల్పు గొట్టం ఒకటి దింపారు. దాన్ని పరిశీలన బావి అంటారు. చెరువు కారితే ముందుగా ఆ గొట్టంలో నీళ్ళు పాడవుతాయి, దాన్ని చూసి అందరూ జాగ్రత్తపడతారు. అదీ ఏర్పాటు.

ఆ గొట్టం చుట్టూ తెల్ల టైల్స్ పరిచారు. టైల్స్ చుట్టూ పూలకుండీలు పెట్టారు. గొట్టానికి స్టీలు మూత బిగించి, దాంట్లో చూసుకుని తల దువ్వుకోవచ్చన్నంతగా తోమారు. నేను దువ్వుకున్నాను కూడా.

"ఏం మరదలా, ఈసారి పిల్లి గొట్టంలో పడిందా?" అని వినిపించింది వెనకనుంచి.

మా బావ. వాడూ డిటెక్టివే. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, నల్ల కళ్ళద్దాలు, ఒక పెట్టుడు మీసం. దాని కింద అసలు మీసం కూడా ఉంది. మారువేషంలో ఏదీ అదృష్టానికి వదిలేయకూడదని వాడి సిద్ధాంతం.

"లేదు బావా, మీ అమ్మ లాండ్రీ పడింది. పైకి తీద్దామని వచ్చాను," అన్నాను.

కేసు ఇదీ. మా మేనత్తకి ఫ్యాక్టరీ పక్క వీధిలో లాండ్రీ ఉంది. వేసవి మొదలైనప్పటి నుంచి ఆవిడ బోరు నీళ్ళతో తెల్లబట్టలు ఉతికితే లేత ఊదారంగులో బయటికి వస్తున్నాయి. ఒక క్రికెట్ జట్టు మొత్తం ఊదారంగులో మైదానంలోకి దిగి, ఘోరంగా ఓడిపోయి, అందుకు కూడా మా అత్తే కారణమని అర్జీ పెట్టింది. చెరువు కారుతోందని అత్త అంది. అత్త పోసే సబ్బు నీళ్ళూ పౌడర్లూ భూమిలోకి ఇంకి భూమిని పాడుచేస్తున్నాయని ఫ్యాక్టరీ అంది. నిరూపించడానికి డిటెక్టివ్‌ని పెట్టుకుంది. ఊళ్ళో మేమిద్దరమే డిటెక్టివ్‌లం. నన్ను అత్త పెట్టుకుంది కాబట్టి వాళ్ళకి మిగిలింది బావ. వాడు అత్త ఏకైక కొడుకు.

పొద్దున్నే తల్లి వండింది తిని బయల్దేరి, పగలంతా తల్లి మీద సాక్ష్యాలు సేకరించి, రాత్రికి ఇంటికొచ్చి మళ్ళీ తల్లి వండిందే తినేవాడు. ఇద్దరూ కేసు గురించి ఇంట్లో మాట్లాడుకోకూడదని నియమం పెట్టుకున్నారు. ఆ నియమం వల్ల వాడి దర్యాప్తు నిష్పక్షపాతంగా సాగింది. వాడి ప్రధాన సాక్ష్యం ఒకటే. వీధిలో మిగతా బోర్లన్నీ బాగున్నాయి, లాండ్రీ బోరు ఒక్కటే పాడైంది, కాబట్టి పాడుచేసింది లాండ్రీయే. వినడానికి బాగుంది. అధికారులకి కూడా బాగుంది. లాండ్రీకి తాళం వేసి అప్పటికి రెండు వారాలు.

ఇవాళ ఆఖరి పరీక్ష. నీళ్ళ ఆఫీసరు వచ్చి గొట్టంలో నీళ్ళు పరీక్షిస్తాడు. అవి బాగున్నాయంటే చెరువు కారడం లేదన్నట్టు, అంటే సాయంత్రానికి లాండ్రీ లైసెన్సు రద్దు. మామయ్య పోయాక అత్త బతికింది ఆ లాండ్రీ మీదే. బావ చదివిన డిటెక్టివ్ చదువు కూడా ఆ బట్టలు ఉతికి చదివించిందే.

అత్త బోర్లించిన బకెట్టు మీద కూర్చుని కొడుకు వైపు చూడకుండా చూస్తోంది. ఆవిడ ఒళ్ళో పాత వాషింగ్ మెషీన్‌లోంచి ఊడదీసిన చిన్న పంపు ఉంది. ఎందుకు తెమ్మన్నానో అడక్కుండా తెచ్చింది. మా అత్తలో నాకు నచ్చేది అదే. బావలో నచ్చేదేమిటో ఇంకా దర్యాప్తులో ఉంది.

ముందు బావి సంరక్షకుణ్ణి విచారించాను. ఆయన ఫ్యాక్టరీలో పర్యావరణ అధికారి, అందరూ తళతళ గారంటారు. చేతిలో గుడ్డ లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. ఆయనతో కరచాలనం చేశాక నా చెయ్యి మునుపటికంటే తెల్లగా కనిపించింది.

బావి నీళ్ళు ఎలా ఉంటాయని అడిగాను. ఎప్పుడూ అద్దంలా ఉంటాయన్నాడు. ఎండాకాలంలో మట్టం ఎంత దిగుతుందని అడిగాను. దిగదన్నాడు. మొన్న వాన పడ్డప్పుడు ఎంత పెరిగిందన్నాను. పెరగలేదన్నాడు. చుట్టుపక్కల బావులన్నీ ఎండకి దిగి వానకి లేస్తుంటే ఇదొక్కటే ఎలా నిలకడగా ఉందంటే, వినయంగా తల వంచి, అంతా క్రమశిక్షణ అన్నాడు.

"మరి ఎండకి ఆవిరైపోవా అండీ?" అన్నాను.

"అవుతాయమ్మా. ప్రతి సోమవారం నేనే పైపు పెట్టి అంచుదాకా నింపుతాను. వెలితిగా ఉంటే చూడ్డానికి బాగోదు కదా."

బావ చటుక్కున దగ్గాడు. తళతళ గారికి ఆ దగ్గు అర్థం కాలేదు. పైపు ఎక్కణ్ణుంచి వస్తుందో, లోపల గోడల్ని పొడవాటి బ్రష్షుతో ఎలా రుద్దుతాడో, ఏ గుడ్డ వాడతాడో ఉత్సాహంగా చెప్పుకుపోయాడు. ఇరవై మంది దొంగల్ని విచారించినా ఇంత సహకారం దొరకదు. చెప్పకూడనిది చెబుతున్నానని ఆయనకి తెలియదు. ఆయన దృష్టిలో అది నేరం కాదు, ఇంటిని చక్కగా పెట్టుకోవడం.

ఇంతలో నీళ్ళ ఆఫీసరు వచ్చాడు. చిన్న పెట్టె, మెళ్ళో తువ్వాలు, చేతిలో టీ ఫ్లాస్కు. ఈ ఉద్యోగంలో చేరి, నీళ్ళల్లో ఏమేం ఉంటాయో చదివిన రోజునుంచి ఆయన మంచినీళ్ళు తాగడం మానేశాడట. టీ కూడా నీళ్ళతోనే పెడతారు కదా అంటే, దాని గురించి ఆలోచించకుండా ఉండడానికి చాలా కష్టపడుతున్నానని చెప్పాడు.

ఆయన గొట్టంలోకి చిన్న గ్లాసు దింపి, పైపైన కాసిని నీళ్ళు తీశాడు. అద్దంలా ఉన్నాయి. బావ చప్పట్లు కొట్టాడు.

"రాసుకోండి సార్. నీళ్ళు శుభ్రం, కేసు ముగిసింది."

"ఆగండి సార్," అన్నాను. "దాంట్లో క్లోరిన్ ఉందేమో చూడండి."

భూమిలో నీళ్ళకి క్లోరిన్ ఎందుకుంటుందని బావ నవ్వాడు. ఆఫీసరు నవ్వలేదు. ఒక బిళ్ళ వేసి ఊపాడు. నీళ్ళు గులాబీ రంగులోకి తిరిగాయి. అంటే క్లోరిన్ ఉంది. అంటే అవి మునిసిపాలిటీ మందు కలిపిన కుళాయి నీళ్ళు. ఆఫీసరు ఆ సీసాని ఎండకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. తన సర్వీసులో మొదటిసారి భూమి తనంతట తనే క్లోరిన్ వేసుకోవడం చూస్తున్నానన్నాడు.

"భూమి కూడా అభివృద్ధి చెందుతోంది సార్," అన్నాడు బావ.

ఆ ధైర్యానికి మాత్రం వాణ్ణి మెచ్చుకోవాలి.

పరీక్షకి ముందు గొట్టంలో నిలవున్న పాత నీళ్ళు తోడేసి, భూమిలోంచి కొత్త నీళ్ళు ఊరేదాకా ఆగి, అప్పుడు పట్టాలి కదా అని ఆఫీసర్ని అడిగాను. నియమం అదేనని ఒప్పుకున్నాడు. అయితే ఆఫీసు పంపు రిపేరుకి వెళ్ళిందట. రిపేరు చేసేవాడు రిటైరయ్యాడట. ఆయన కొడుకు నేర్చుకుంటున్నాడట. అప్పటిదాకా పైపైన పట్టేస్తున్నారట.

అత్త లేచి, ఒళ్ళో పంపుని చెయ్యి చాపి ఇచ్చింది.

బావ అడ్డం నిలబడ్డాడు. ప్రతివాది సొంత పంపుతో పరీక్ష ఎలా చేస్తారన్నాడు. పంపులో లాండ్రీ సబ్బు అంటుకుని ఉంటుందన్నాడు. అసలు నియమాల ప్రకారం బావిని ఉన్నది ఉన్నట్టు పరీక్షించాలన్నాడు.

"బావా, మనం నీళ్ళు లోపలికి పోయడం లేదు, బయటికి తోడుతున్నాం," అన్నాను. "దేనికి భయపడుతున్నావ్?"

"నాకేం భయం? నా క్లయింటు బావి అరిగిపోతుందని."

"అరిగితే మీ తళతళ గారు పాలిష్ పెడతారులే."

"పిల్లుల్ని వెతుక్కునే దానివి నీకు బావులెందుకే?"

"తల్లి లాండ్రీకి తాళం వేయించినోడివి, నీకు నా పిల్లులెందుకురా?"

ఆ మాట అత్త విన్నది. తలెత్తి కొడుకు వైపు చూసింది, ఈసారి నిజంగా. వాడు కళ్ళద్దాలు సర్దుకుంటూ పక్కకి జరిగాడు. ఆఫీసరు వైరు తగిలించమని సైగ చేశాడు.

పంపు రెండు బకెట్లు తోడి, గుర్రుమని గాలి పీల్చింది. గొట్టం ఖాళీ. ఇక కొత్త నీళ్ళు ఊరాలి. అందరం వంగి లోపలికి చూశాం. ఏమీ ఊరలేదు. ఆఫీసరు ఒక కప్పు టీ తాగాడు. ఊరలేదు. మాకూ తలా ఒక కప్పు పోశాడు. అవీ అయిపోయాయి. గొట్టం అడుగు పొడిగా, తళతళ గారి మనసులా నిర్మలంగా ఉంది.

బావకి ప్రాణం లేచొచ్చింది. అక్కడ భూగర్భంలో అసలు నీళ్ళే లేవని, నీళ్ళే లేనప్పుడు కాలుష్యానికి ఉండడానికి చోటెక్కడిదని వాదించాడు. మరి వీధి వీధంతా బోర్లు వేసి తోడుకునేది ఏమిటి, పాలా అని అడిగాను. వాడు జవాబు ఆలోచిస్తుండగా టిక్‌మని చప్పుడైంది.

ఒక తెల్ల టైలు పగిలింది.

తరవాత ఇంకోటి. చూస్తుండగానే స్టీలు అంచు నేలకంటే వేలెడు ఎత్తు లేచింది. కాసేపటికి బెత్తెడు. నేను డిటెక్టివ్‌ని కాబట్టి కంగారుపడకుండా, రెండడుగులు వెనక్కి వేసి అత్త వెనక నిలబడ్డాను. బావి తనంతట తనే భూమిలోంచి పైకి వస్తోంది.

"కూర్చోమనండి," అన్నాడు తళతళ గారు. ఎవరితో అన్నాడో, ఎవర్ని కూర్చోమన్నాడో తెలియదు. బావ మాత్రం తననే అన్నాడనుకున్నాడు. క్లయింటు ఆస్తిని కాపాడాలన్న ఆవేశంలో ఒక్క గెంతు గెంతి గొట్టం మీద కూర్చున్నాడు.

గొట్టం బుడుంగున కిందికి దిగింది. అది దిగిన మేరకి చుట్టూ సందులోంచి నీళ్ళు నాలుగు వైపులా చిమ్మాయి. ముదురు ఊదారంగు నీళ్ళు. లాండ్రీలో లేతగా వస్తున్న రంగుకి తాతలాంటి రంగు. టైల్స్ మీద, పూలకుండీల మీద, ముఖ్యంగా మా బావ తెల్ల ప్యాంటు మీద పడ్డాయి. వాడు కెవ్వున లేచాడు. బరువు తగ్గగానే గొట్టం మళ్ళీ లేచి, ఈసారి మోకాలెత్తున నిలబడి, మా అందరి వైపూ చూస్తున్నట్టు అటూ ఇటూ ఊగింది.

ఆఫీసరూ నేనూ కలిసి దాన్ని పైకి లాగాం. పెద్ద కష్టపడలేదు. నిలువెత్తు గొట్టం. చెరువు నీళ్ళు కనిపెట్టాల్సిన గొట్టానికి అడుగున చిల్లులుండాలి. దీనికి ఒక్కటి లేదు. పైగా అడుగున గట్టి మూత, దాని చుట్టూ జిగురు, ఎంతో శ్రద్ధగా. అది బావి కాదు, భూమిలో పాతిపెట్టిన పొడుగు గ్లాసు. దాన్ని నింపిన నీళ్ళే బరువై ఇన్నాళ్ళూ కింద అణిచిపెట్టాయి. మేం తోడేయగానే ఖాళీ సీసా నీళ్ళల్లోంచి తేలినట్టు తేలింది. తేలడానికి కింద నీళ్ళు ఉన్నాయి కాబట్టే తేలింది.

అందరం తళతళ గారి వైపు తిరిగాం. ఆయన గుడ్డని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

"అది నేనే పెట్టించాను సార్," అన్నాడు. "మొదట్లో బావి బాగానే ఉండేది. ఈ వేసవి మొదట్లో ఒకరోజు చూస్తే ఊదారంగు నీళ్ళొచ్చాయి. ఎంత తోడినా అవే. బావి పాడైపోయిందనుకున్నాను. పాత గొట్టం తీయించి, మురికి రాకుండా అడుగున మూత వేయించి కొత్తది పెట్టించాను. బావి పాడైతే రిపేరు చేయించాలి కదా సార్?"

మంటలొస్తున్నాయని గంట కొడుతుంటే, గంట చప్పుడు చేస్తోందని దానికి గుడ్డలు కుక్కిన మనిషిని తిట్టడానికి మాటలు వెతుక్కోవాలి. పై అధికారులకి చెప్పారా అని ఆఫీసరు అడిగితే, చెప్పానని, రిపేరు బాగా చేశావని మెచ్చుకున్నారని అన్నాడు. వాళ్ళకి మాత్రం అది రిపేరు కాదని తెలిసే ఉంటుంది. లేకపోతే డిటెక్టివ్‌ని ఎందుకు పెట్టుకుంటారు?

గొట్టం తీసిన గుంతలోంచి ఆఫీసరు సీసా నిండా ఊదా నీళ్ళు పట్టి, మూత బిగించి, మీద సంతకం చేశాడు. చెరువు కారుతోందని, లాండ్రీ తప్పేమీ లేదని, తాళం తీసేస్తున్నామని అక్కడికక్కడే ప్రకటించాడు.

అత్త ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కొడుకు దగ్గరికి నడిచి, వాడి ప్యాంటుని పరీక్షగా చూసింది.

"ఇది నాకు వెయ్యకు. ఈ మరక పోదు," అంది.

బావ కళ్ళద్దాలు తీశాడు. పెట్టుడు మీసం ఒక పక్క ఊడి వేలాడుతోంది. ఏదో అనబోయి, "అమ్మా, నేను..." దగ్గరే ఆగిపోయాడు. పిల్లుల గురించి నేను ఒక మాట సిద్ధం చేసుకున్నాను గానీ, వాడి మొహం చూసి దాచుకున్నాను. ఇంకోసారి పనికొస్తుంది.

కేసు గెలిచానని నేను అనుకుంటుండగా ఆఫీసరు ఇంకా గుంత దగ్గరే గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆయన మొహంలో గెలుపు లేదు. లాండ్రీ మోటారు రోజుకి ఎంతసేపు నడిచేదని అత్తని అడిగాడు. తెల్లారింది మొదలు పొద్దుగూకేదాకా అంది. వీధిలో అంత పెద్ద మోటారు ఇంకెవరికైనా ఉందా అన్నాడు. ఈ వైపు ఎవరికీ లేదంది.

"అయితే ఈయన చెప్పింది నిజమే," అన్నాడు బావని చూపించి. "పాడైంది మీ బోరు ఒక్కటే. ఎందుకంటే మీరొక్కరే అంతగా తోడారు. ఎవరు గట్టిగా పీలిస్తే నీళ్ళు వాళ్ళ వైపే వెళ్తాయి. కారినదంతా మీ మోటారు తన దగ్గరికి లాక్కుని బయట కాలవలో పోసింది. అందుకే మిగతా బోర్లు బాగున్నాయి. ఇన్నాళ్ళూ ఊరికి అడ్డంగా నిలబడింది మీ లాండ్రీయే అమ్మా."

"మరిప్పుడు?" అంది అత్త.

"రెండు వారాల నుంచి తాళం వేసి ఉంది," అన్నాడు ఆఫీసరు.

అది వేయించినవాడు నా పక్కనే నిలబడి ఉన్నాడు.

లాండ్రీ దాటాక గట్టిగా తోడే బోరు ఎవరిదని ఆఫీసరు అడిగాడు. బావే చెప్పాడు.

"కాన్పుల ఆసుపత్రిది సార్."

ఆ రంగునీళ్ళు పెద్దవాళ్ళ చర్మానికే బొబ్బలెక్కిస్తాయని, నిన్న మొన్న పుట్టిన పిల్లల ఒంటి మీద పడితే ఏమవుతుందో తాను చెప్పదలచుకోలేదని ఆఫీసరు అన్నాడు. అత్త అప్పటికే ఫోన్ చేస్తోంది. అక్కడి పెద్ద నర్సు ఆవిడకి బాగా తెలుసు. అందరికీ వినపడేలా పెట్టింది.

ఎత్తింది నర్సు కాదు, ఆయా. నర్సమ్మ చంటిపిల్లల గదిలో ఉందని, పొద్దుటి స్నానాలు ఇప్పుడే మొదలుపెడుతోందని తీరిగ్గా చెప్పింది. ఇవాళ నీళ్ళు కాస్త ఊదాగా వస్తున్నాయని, కొత్త సబ్బేమో గానీ చూడ్డానికి ముద్దుగా ఉన్నాయని కూడా చెప్పింది.

"ఆపమను. ఒక్క బిడ్డని కూడా ముంచొద్దని చెప్పు. పరిగెత్తు," అంది అత్త.

ఆయా కంగారుపడి, ఫోన్ ఎక్కడో పెట్టేసి వెళ్ళింది. అడుగుల చప్పుడు దూరమైంది. ఏదో తలుపు కొట్టుకుంది. ఎక్కడో ఒక పసివాడు ఏడుస్తున్నాడు. దానికంటే దగ్గరగా, టబ్బులోకి నీళ్ళు పడుతున్న చప్పుడు.

నేను తిరిగి చూసేసరికి బావ లేడు. గేటు దాటి, ఊదా ప్యాంటుతో, చెప్పులు వదిలేసి పరిగెడుతున్నాడు. మేమంతా వాడి వెనక పరిగెత్తాం. అత్త ఫోన్‌ని చెవికి అదిమిపెట్టుకునే పరిగెడుతోంది. తల్లీకొడుకులిద్దరూ ఒకే మాట అరుస్తున్నారు, ఆపండి, ఆపండి అని. అక్కడ వినేవాళ్ళెవరూ లేరు.

వీధి మలుపులో అత్త ఒక్కసారిగా ఆగిపోయింది. ఫోన్ నా చెవికి పెట్టింది.

నీళ్ళు పడుతున్న చప్పుడు ఆగింది. టబ్బు నిండింది.